ముందు సెల్లు, తర్వాతే టార్చి

చిత్తూరు పల్లెల్లో టార్చిలైటును బ్యాటరీ అనే అంటారు. "అబ్బోడా, ఆ బ్యాటరీ ఎత్తుకోని రారా" అంటే తెమ్మన్నది టార్చిని. చదువుకున్నవాళ్లు ఈ మాటను దిద్దబోతారు గానీ, దిద్దాల్సిన పని లేదు. టార్చి అంటే బ్యాటరీయే. అద్దం, గొట్టం, స్విచ్చి అన్నీ ఆ సెల్లు ఇచ్చిన కరెంటును ముందుకు తోసే సరంజామా. ఎల్ఈడీలు చవకైపోయాక ఏ అంగట్లో కొన్న టార్చిలోనైనా దీపం మాత్రం బాగానే ఉంటోంది. రెండో నెలకే మసకబారేది, చార్జింగులో పెడితే కాలేది, ఏడాది తిరక్కుండా చచ్చేది సెల్లు. అయినా కొనేటప్పుడు లూమెన్లు (వెలుతురు కొలత) ఎన్నని అడుగుతాం, జూమ్ ఉందా అని తిప్పి చూస్తాం. లోపల ఏ సెల్లు ఉందో, అది ఎవరు చేశారో మాత్రం అడగం.

కాబట్టి ఈ కొనుగోలును తలకిందులు చేయాలంటాను. ముందు సెల్లు తేల్చుకోవాలి, ఆ సెల్లు పట్టే టార్చిని తర్వాత వెతుక్కోవాలి. ఇంకో మాట కూడా అంటాను, కొందరికి రుచించకపోవచ్చు: తిరుపతి, చిత్తూరు ఇళ్లలో చాలావాటికి లిథియం సెల్లు అవసరమే లేదు.

అవసరం దగ్గర మొదలుపెడదాం. రాత్రి కరెంటు పోయినప్పుడు మెట్లు దిగడానికి, పెరట్లోకో పశువుల కొట్టంలోకో వెళ్లడానికి, మోటారు స్టార్టరు పెట్టె తెరిచి చూడడానికి కావలసిన వెలుతురు 50 నుంచి 100 లూమెన్లు. అది కూడా సూదిలా దూరం పోయే కిరణం అక్కర్లేదు, పాదాల ముందు నాలుగు మీటర్లు పరుచుకోవాలి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే; దాన్ని తొక్కకుండా తప్పించుకోవడానికి కిలోమీటరు దూరం కనబడనక్కర్లేదు. ఈ పనికి రెండు పెన్సిల్ (ఏఏ) సెల్లుల టార్చి చాలు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున పొలం ఉన్నవాళ్ల సంగతి వేరు. ఏనుగులు దిగే చోట గట్టు మీదికి అడుగు పెట్టేముందే 150, 200 మీటర్ల అవతల ఏముందో తెలియాలి. అక్కడ లిథియం కావాలి, అదీ మంచిది కావాలి. ఈ రెండు అవసరాలకూ ఒకే టార్చి కొనబోయి మధ్యలో ఏదో చవకది తెచ్చుకోవడం వల్లే చిక్కంతా.

ఆ మధ్యలోది ఎక్కువ ఇళ్లలో ఒకటే రకం: వెనక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే ప్లాస్టిక్ టార్చి. లోపల 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దీని జాతకం రాసిపెట్టినట్టే ఉంటుంది. కరెంటు పోతుంది, వాడతారు, కరెంటు వస్తుంది, సగం ఖాళీ అయిన టార్చిని బీరువా మీద పెట్టేస్తారు. లెడ్ యాసిడ్‌ను ఖాళీగా ఉంచితే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టి పెంకులా పేరుకుంటుంది, మళ్లీ చార్జి పెట్టినా కరగదు. మూడు నెలల తర్వాత తీస్తే రెండు నిమిషాలు వెలిగి చస్తుంది. మరీ ఇబ్బంది ఇంకోటుంది. వీటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటరు, నాలుగు డయోడ్లతో 230 వోల్టులను నేరుగా దించుతారు. అంటే ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి తీగలన్నీ మెయిన్ కరెంటుకు అంటుకుని ఉన్నట్టే. ప్లగ్గులో ఉండగా స్విచ్చి నొక్కడం, పగిలిన టార్చిని టేపు చుట్టి వాడడం ప్రాణం మీదికి తెచ్చేవి. ఇప్పటికే ఇంట్లో ఉంటే పెట్టె మీద రాసినన్ని గంటలే చార్జి పెట్టండి, నెలకోసారి తప్పకుండా పెట్టండి. మళ్లీ మాత్రం కొనకండి.

ఈ మాట అనడానికి తిరుపతిలో కాస్త సంకోచించాలి. 1985లో మొదలైన అమరరాజా కరకంబాడి దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీలు చేసే ఊరు ఇది. సీసంలో తప్పేమీ లేదు. ఇన్వర్టరు బ్యాటరీ ఏళ్ల తరబడి బతికేది రోజంతా చార్జరు దాన్ని నిండుగా ఉంచుతుంది కాబట్టి. టార్చిలో ఆ పోషణ దొరకదు.

పెన్సిల్ సెల్లుల దగ్గరికొద్దాం. ఆకారం ఒకటే అయినా అంగట్లో ఈ సైజులో నాలుగు వేర్వేరు వస్తువులు దొరుకుతాయి. మామూలు జింకు కార్బన్, ఆల్కలైన్, రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్, ఇంకా లిథియం 14500. మొదటి రెండూ వాడి పారేసేవి, అందులోనూ టార్చిలో మరిచిపోతే కారేవి. ఆల్కలైన్ కారితే పొటాషియం హైడ్రాక్సైడ్ స్ప్రింగును తినేస్తుంది, టార్చి అక్కడితో సరి. వరదకో తుపానుకో అవసరమని నిండా సెల్లులు వేసి దాచిపెట్టిన టార్చి సరిగ్గా ఆ రోజే తెరుచుకోదు.

నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో కొనాల్సింది చార్జి నిలుపుకొనే రకం. పాతకాలపు రీచార్జబుల్ సెల్లులు వాడకుండా ఉంచినా నెలలో నాలుగో వంతు దాకా కారిపోయేవి, అందుకే జనానికి వాటి మీద నమ్మకం పోయింది. 2005లో సాన్యో ఎనిలూప్ తెచ్చాక ఆ లెక్క మారింది. ఇప్పుడది పానసోనిక్ పేరుతో వస్తోంది. తెల్ల ఎనిలూప్ పెన్సిల్ సెల్లు 2000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), 2100 సార్లు చార్జి చేయొచ్చని, పదేళ్లు ఊరికే ఉంచినా 70 శాతం నిలుస్తుందని కంపెనీ చెబుతుంది. మన ఎండలకు ఆ పదేళ్ల లెక్క నిలవదు. వేడి పెరిగేకొద్దీ చార్జి వేగంగా కారుతుంది. సగం నమ్మినా మనకు చాలు. నల్లది 2500 ఎంఏహెచ్ ఇస్తుంది గానీ దానికి చెప్పే చార్జింగుల సంఖ్య 500 మాత్రమే. టార్చికి తెల్లదే మేలు. ఇతర బ్రాండ్లలో కొంటే అట్ట మీద 'రెడీ టు యూజ్' అనో 'ప్రీ చార్జ్‌డ్' అనో ఉందా చూడండి. ఈ రకం సెల్లులను ఫ్యాక్టరీలోనే నింపి పంపుతారు, ఆ మాట లేనిది పాతరకం కావచ్చు. పెన్సిల్ సెల్లు మీద 3000, 4600 అని అచ్చేసి ఉంటే అక్కడే వదిలేయండి. ఆ గొట్టంలో నికెల్ పదార్థం అంత పట్టదు.

"ఇది 1.2 వోల్టులే కదా, 1.5 వోల్టుల సెల్లుకు బదులు వేస్తే డల్లుగా రాదా" అనేది ప్రతి అంగట్లో వినబడే ప్రశ్న. రాదు. ఆల్కలైన్ 1.5 వోల్టుల దగ్గర ఉండేది వాడని సెల్లులో మాత్రమే. టార్చిలో వేసిన కాసేపటికే 1.2కు జారుతుంది, అక్కణ్ణుంచి ఇంకా జారుతూనే పోతుంది. నికెల్ సెల్లు 1.2 దగ్గర గట్టిగా కూర్చుని, ఆఖర్న ఒక్కసారి పడిపోతుంది. పైగా దాని లోపలి నిరోధం ఆల్కలైన్‌తో పోలిస్తే చాలా తక్కువ, కరెంటు ఎక్కువ లాగినా వోల్టేజి కుంగదు. ఒక్కచోట జాగ్రత్త: మూడు రిమోటు (ఏఏఏ) సెల్లులు వేసే చవక టార్చిల్లో కొన్నింటికి సర్క్యూటే ఉండదు, ఆల్కలైన్‌కు ఉండే నిరోధమే ఎల్ఈడీని కాపాడుతుంది. అలాంటిదాంట్లో నిండు నికెల్ సెల్లులు వేస్తే మొదటి పది నిమిషాలు మితిమీరి వెలిగి ఎల్ఈడీ వేడెక్కుతుంది. తల భాగం చేతికి కాలుతుంటే ఆ టార్చికి ఆ సెల్లులు పడవని అర్థం.

లావు సెల్లుల పాత రేకు టార్చి ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. ఎల్ఈడీ బల్బు మార్చి, పెన్సిల్ సెల్లును లావు సెల్లుగా మార్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుంటే సరిపోతుంది. బల్బు మీద రాసిన వోల్టేజి మీ సెల్లుల సంఖ్యకు సరిపోవాలి, అంతే. లావు రీచార్జబుల్ సెల్లే కొనబోతే మాత్రం చేతిలో పట్టి తూకం చూడండి. నిజమైన 10,000 ఎంఏహెచ్ లావు సెల్లు 150 గ్రాములకు పైనే ఉంటుంది. 60, 70 గ్రాములే ఉందంటే పెద్ద డబ్బాలో చిన్న సెల్లును కూర్చోబెట్టి అమ్ముతున్నారన్నమాట.

చార్జరు విషయంలో పిసినారితనం పనికిరాదు. సెల్లులతో పాటు ఉచితంగా వచ్చే చార్జరు రెండేసి సెల్లులను జోడీగా నింపుతుంది. ఒకటి ముందే నిండినా రెండోదాని కోసం దాన్ని కాలుస్తూ ఉంటుంది. కొందరు దాన్ని రాత్రంతా వదిలేస్తారు. కావలసింది ఒక్కో సెల్లుకు విడిగా దీపమో అంకెలో ఉన్న చార్జరు. నిండిన నికెల్ సెల్లు వోల్టేజి రవంత కిందికి దిగుతుంది, ఆ దిగుడును పసిగట్టి చార్జరు ఆగాలి. కరెంటు మరీ తక్కువైతే ఆ దిగుడు కనబడదు, అందుకే 2000 ఎంఏహెచ్ సెల్లుకు 500 నుంచి 1000 మిల్లీ ఆంపియర్లు పెట్టండి. నెమ్మదిగా పెడితే సెల్లుకు మంచిదనే మాట ఇక్కడ చెల్లదు. చివర్లో గోరువెచ్చగా అవడం మామూలే, చేత్తో పట్టుకోలేనంత కాలితే తప్పు.

నాలుగో వస్తువు, 14500. ఇది సరిగ్గా పెన్సిల్ సెల్లంతే ఉంటుంది, నిండితే మాత్రం 4.2 వోల్టులు. రెండు పెన్సిల్ సెల్లులకు చేసిన టార్చిలో ఇవి రెండు వేస్తే 3 వోల్టుల చోట 8.4 వోల్టులు. సర్క్యూటు క్షణంలో పోతుంది. ఇంట్లో పిల్లలు గోడ గడియారానికీ రిమోటుకూ సెల్లులు మార్చే చోట 14500ను ఉంచకపోవడమే ఉత్తమం. యూఎస్‌బీ పోర్టున్న 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్లులు మరో రకం. వీటి లోపల లిథియం ముక్క, వోల్టేజి దించే చిన్న సర్క్యూటు ఉంటాయి. గడియారానికి పరవాలేదు. టార్చిలో మాత్రం చివరిదాకా ఒకేలా వెలిగి చెప్పాపెట్టకుండా చీకటి చేస్తాయి. మసకబారడం కూడా ఒక హెచ్చరికే, అది లేకపోతే గట్టు మధ్యలో నిలబడిపోతాం.

ఇక లిథియం. ఇక్కడే మోసం ఎక్కువ, ప్రమాదం కూడా ఎక్కువ, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా పోవాలి.

18650 అనే పేరే కొలత. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి గొట్టమని చెప్పడానికి. 21700 అంటే 21 లావు, 70 పొడవు. సాధారణ వోల్టేజి 3.6, నిండితే 4.2. పేరున్న తయారీదార్ల 18650ల్లో మనకు దొరికేవి 3500, 3600 ఎంఏహెచ్ దగ్గర ఆగుతాయి. 21700 మామూలుగా 5000. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం మోసాలు మీ దగ్గరికి రావు. "9900 సెల్లన్నా, ఒకసారి పెడితే నెల వస్తాది" అని అమ్మే సెల్లులో నిజంగా ఉండేది 500 నుంచి 1500 మధ్య ఏదో ఒకటి. ఇక్కడ ఊళ్లోని సంగతే ఒకటి చెప్పాలి. 2022 సెప్టెంబరులో తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టరులో మునోత్ ఇండస్ట్రీస్ వాళ్ల లిథియం సెల్లుల కర్మాగారం ప్రయోగాత్మకంగా మొదలైంది. అక్కడి సెల్లు 10 ఆంపియర్ అవర్లు, అంటే 10,000 ఎంఏహెచ్, పవర్‌బ్యాంకుల్లాంటి వాటికి. అంత పదార్థం బొటనవేలంత 18650 గొట్టంలోకి దూరదు. ఆ కర్మాగారం పేరు చెప్పి ఎవరైనా 9900 గొట్టాన్ని చేతిలో పెడితే నవ్వి ఊరుకోండి.

సెల్లును పట్టించే పరికరం వంటింటి డిజిటల్ తక్కెడ. నిజమైన 18650 బరువు 45 నుంచి 50 గ్రాములు. 9900 అని రాసిన మెరిసే గొట్టాన్ని తక్కెడ మీద పెడితే 30 గ్రాముల అటూ ఇటూ ఆగుతుంది. అలాంటివాటిని కోసి చూసినవాళ్లకు లోపల ఇంకా చిన్న సెల్లు, దాని చుట్టూ ఖాళీ నింపడానికి తెల్లటి పొడి దొరికిన సందర్భాలున్నాయి. కోయడం మాత్రం మీరు చేయకండి. తూకం సరిపోయినంత మాత్రాన సెల్లు అసలుదని కాదు. పాత లాప్‌టాప్ ప్యాకుల నుంచి పీకి, కొత్త తొడుగు వేసిన సెల్లు కూడా 46 గ్రాములే తూగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే రెండు కొసలూ వెలుతురులో తిప్పి చూడండి. ప్యాకులో వెల్డింగు చేసిన నికెల్ పట్టీని పీకిన చోట జంట చుక్కలు, గీకి నునుపు చేసిన గుర్తులు కనబడతాయి. కొత్త సెల్లు కొసలు టార్చి స్ప్రింగు కూడా తగలనట్టు నున్నగా ఉంటాయి.

ఎంఏహెచ్ తర్వాత చూడాల్సింది ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదని. సెల్లు లోపలి నిరోధం ఎంతో ఈ అంకె చెబుతుంది. ఒక చిన్న లెక్క. టార్చి 5 ఆంపియర్లు లాగుతోంది. మంచి సెల్లులో, టార్చి స్ప్రింగు అతుకులు కలిపి, నిరోధం 0.03 ఓములు అనుకుంటే పోయే వోల్టేజి 0.15. నాసిరకంలో 0.2 ఓములైతే ఒక వోల్టు మొత్తం పోతుంది. 3.7 ఉన్న సెల్లు 2.7కు కుంగుతుంది, తెల్ల ఎల్ఈడీ వెలగడానికి 3 వోల్టులు కావాలి, ఇంకేం వెలుగుతుంది? ఆ పోయిన శక్తి ఎక్కడికీ పోలేదు, 5 వాట్ల వేడిగా మారింది, అందులో చాలావరకు సెల్లు లోపలే. మంచిదాంట్లో అది ముప్పావు వాటు. నాసిరకం సెల్లు వేసిన టార్చి వెనక భాగం కాలడానికి కారణం ఇదే.

అలాగని 20, 30 ఆంపియర్ల సెల్లు అందరికీ అక్కర్లేదు. 1000 లూమెన్ల టార్చి దాదాపు 10 వాట్లు తింటుంది, అంటే ఒక్క సెల్లు నుంచి 3 ఆంపియర్లు. దీనికి ఎల్‌జీ ఎమ్‌జే1, సాన్యో జీఏ, శామ్‌సంగ్ 35ఈ లాంటి 3500 ఎంఏహెచ్ సెల్లులు చక్కగా సరిపోతాయి, ఇవి 8 నుంచి 10 ఆంపియర్లు ఇస్తాయి. అరచేతిలో పట్టేంత టార్చి 3000, 4000 లూమెన్లు చిమ్ముతుందంటే అది 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది. దానికి శామ్‌సంగ్ 30క్యూ, మురాటా (ఒకప్పటి సోనీ) వీటీసీ6, మోలిసెల్ పీ28ఏ లాంటివి వేయాలి. ఇవి 2800, 3000 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతాయి. బలం పెరిగితే ఎంఏహెచ్ తగ్గుతుంది, రెండూ కలిపి ఇస్తానన్న తొడుగును నమ్మకండి. 21700లో శామ్‌సంగ్ 50ఈ నిలకడకు, మోలిసెల్ పీ42ఏ బలానికి. ఈ పేర్లలో ఏదీ లేకుండా మంటల బొమ్మ, 'అల్ట్రా' అనే మాట, ఎర్ర రంగు తొడుగు మాత్రమే ఉంటే ఆ సెల్లు ఎవరు చేశారో అమ్మేవాడికే తెలియదు.

పొలానికి వెళ్లేవాళ్లకు నా ఓటు 3 ఆంపియర్ల టార్చికే. లెక్క చూడండి: 3500 ఎంఏహెచ్‌ను 3.6తో గుణిస్తే 12.6 వాట్ అవర్లు. 10 వాట్ల వెలుగులో గంటకు కాస్త పైన. 200 లూమెన్ల మెట్టులో పెడితే అయిదు, ఆరు గంటలు. లక్ష లూమెన్లు అని అట్టపెట్టె మీద రాసి ఒకే సెల్లు పట్టే టార్చి ఏ భౌతికశాస్త్రానికీ లొంగదు.

చట్టం వైపు నుంచి ఒక ఆసరా ఉంది. మనదేశంలో లిథియం సెల్లులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అనే అంకె, 'ఆర్' అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు సెల్లు మీదో పెట్టె మీదో ఉండాలి. ఆ ఆర్ నంబరును ఫోనులోని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది ఏ తయారీదారుదో తెలుస్తుంది. తొడుగు మీద పేరూ అదీ కలవాలి. అయితే అది భద్రతకు సంబంధించిన ముద్ర. ఎంఏహెచ్ నిజమని ఎవరూ పూచీ పడలేదు, కాబట్టి తక్కెడను అటక ఎక్కించకండి.

ప్రొటెక్టెడా, మామూలుదా? ప్రొటెక్టెడ్ సెల్లు అడుగున నాణెమంత సర్క్యూటు ఉంటుంది, దాన్నుంచి ఒక సన్నని రేకు తొడుగు కింద పైదాకా పాకుతుంది. అతిగా నిండినా, అతిగా ఖాళీ అయినా, షార్టు అయినా అది కోసేస్తుంది. దీనివల్ల పొడవు 68 నుంచి 70 మిల్లీమీటర్లు అవుతుంది, కొన్ని టార్చిల్లో మూత పట్టదు. బిగించి తిప్పితే సెల్లు నలుగుతుంది. మామూలు చదును సెల్లు కొన్ని టార్చిల్లో వెలగదు, ఎందుకంటే తల భాగంలో ప్లాస్టిక్ గట్టు పెట్టి తిరగేసి వేయకుండా అడ్డుకట్ట వేసి ఉంటారు. బుడిపె ఉన్న సెల్లే దాన్ని దాటి తగులుతుంది. అప్పుడు కొసకు సీసం బొట్టు వేయడం, మధ్యలో అయస్కాంతం బిళ్ల పెట్టడం మన మెకానిక్కుల ఉపాయం. సోల్డరు వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది, అయస్కాంతం జారితే రెండు ధ్రువాలనూ కలుపుతుంది. ఇల్లంతా వాడే టార్చికి ప్రొటెక్టెడ్ బుడిపె సెల్లు, అది పట్టే టార్చి చూసుకోండి. 10 ఆంపియర్ల పైన లాగే టార్చిలో మాత్రం ప్రొటెక్షన్ మధ్యలో కోసేస్తుంది, అక్కడ మామూలుదే వేయాలి, ఆ టార్చికే తక్కువ వోల్టేజి దగ్గర ఆగే ఏర్పాటు ఉండాలి.

ఇప్పుడు ఆ సెల్లు పైకొసను కంటికి దగ్గరగా పెట్టుకోండి. అడుగూ పక్కలూ అంతా ఒకటే ఉక్కు డబ్బా, అదంతా నెగెటివ్. ఆ డబ్బా అంచు పైన లోపలికి మడిచి ఉంటుంది. మడత నుంచి పాజిటివ్ బుడిపెకు దూరం ఒకటి, రెండు మిల్లీమీటర్లు. ఆ సందులో ఉండేది ఒక తెల్ల కాగితపు చక్రం, దాని మీదికి మడిచిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఇంతే. తొడుగు పక్కన చిరిగితే కొంత నయం గానీ, ఈ భుజం దగ్గర గోరంత చిరిగినా తల భాగంలోని లోహపు చక్రం రెండింటినీ ఒకేసారి తాకగలదు. జేబులో తాళంచెవులతో కలిసి వేసుకున్నా జరిగేది అదే. సెల్లును విడిగా మోస్తే ప్లాస్టిక్ డబ్బీ తప్పనిసరి. చిరిగిన తొడుగు మార్చడం తేలికే: చదునుగా 30 మిల్లీమీటర్ల వెడల్పు, 70, 72 పొడవున్న పీవీసీ తొడుగు ముక్క, కొత్త కాగితపు చక్రం, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు చాలు. పాత తొడుగును బ్లేడుతో కాకుండా గోటితో చీల్చండి.

రెండు, మూడు లిథియం సెల్లులు వరసగా వేసే టార్చి కొనొద్దనేదే నా మొండి సలహా. వరసలో బలహీనమైన సెల్లు ముందు ఖాళీ అవుతుంది, మిగతావి దాన్ని తిరగేసి చార్జి చేయడం మొదలుపెడతాయి. నీళ్లు చొరకుండా రబ్బరు రింగులతో బిగించిన లోహపు గొట్టంలో సెల్లు ఆవిరి కక్కితే బయటికి దారి ఉండదు, ఆ గొట్టం చేతిలో టపాకాయే. ఒక్క సెల్లు టార్చి ఈ తంటాను మొదట్లోనే తీసేస్తుంది. ఇప్పటికే కొన్నవాళ్లు ఒకేసారి కొన్న ఒకే రకం జోడీని ఎప్పుడూ కలిపే వాడాలి, కలిపే నింపాలి, వేసేముందు మల్టీమీటరుతో చూస్తే తేడా 0.05 వోల్టు దాటకూడదు.

మల్టీమీటరు మాట ఎలాగూ వచ్చింది. మామూలు చవక రకమే చాలు, 20 వోల్టుల డీసీ మెట్టులో పెట్టండి. చార్జరు నుంచి తీయగానే 4.20 ఉండాలి, 4.25 చూపిస్తే తప్పు చార్జరుది. మర్నాటికి 4.15 పైన నిలిస్తే సెల్లు బాగున్నట్టు. వాడకుండానే వారంలో 4.0కు జారితే లోపల కారుతోంది, తీసేయండి. మరిచిపోయి 2.5 వోల్టుల కిందికి పోయిన సెల్లును బతికించే చిట్కాలు చాలామంది చెబుతారు. వినకండి. అక్కణ్ణుంచి ఇంకా దిగేకొద్దీ లోపలి రాగి రేకు కరిగి ద్రావణంలో కలవొచ్చు, మళ్లీ చార్జి పెట్టినప్పుడు ఆ రాగి ముళ్లలా పేరుకుని లోపలే షార్టు చేయొచ్చు. ఆ రోజు బాగానే ఉంటుంది. నాలుగో చార్జింగులోనో పదో చార్జింగులోనో పడక పక్కన పొగ లేవొచ్చు.

మన వైపు అసలు శత్రువు మే నెల. లిథియం సెల్లును చార్జి చేయడానికి తయారీదార్లు ఇచ్చే పైహద్దు 45 డిగ్రీలు. బయట 42 ఉన్న మధ్యాహ్నం రేకుల ఇంట్లో గది ఎంతుంటుందో వేరే చెప్పాలా? చార్జింగు దాని మీద ఇంకాస్త వేడి కలుపుతుంది. వేసవిలో తెల్లవారుజామున, నాపరాయి గచ్చు మీద, పరుపుకూ గడ్డికీ దూరంగా పెట్టండి. ఒక ఆంపియరు చార్జరుతో 3500 సెల్లుకు నాలుగు గంటలు పడుతుంది, సూర్యుడు నడినెత్తికి రాకముందే పని అయిపోతుంది. ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో టార్చి వదలకండి. నెలల తరబడి దాచేటట్టయితే నిండుగా కాకుండా 3.7, 3.8 వోల్టుల దగ్గర ఉంచి, వెనక మూతను పావు చుట్టు వదులు చేసి పెట్టండి.

టార్చిలోనే టైప్ సీ పోర్టు ఉంటే ఒక చిక్కు తెలిసి ఉండాలి. రెండువైపులా సీ ఉన్న కొత్త ఫోను తీగతో కొన్ని టార్చిలు చార్జే కావు, టార్చి పాడైందని తిరిగి ఇచ్చేస్తుంటారు. ఆ పోర్టులో ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు తయారీదారు మిగుల్చుకున్నాడు, అంతే. పాత వెడల్పు యూఎస్‌బీ తలకాయ ఉన్న తీగ, 5 వోల్టుల పాత ఫోను చార్జరు వాడితే ఎక్కుతుంది.

రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లకు: విడి లిథియం సెల్లులు చెక్ ఇన్ పెట్టెలో వేయకూడదు, కొసలు కప్పి చేతి సంచిలో పెట్టుకోవాలి. ఒక్కో 18650 సెల్లు 13 వాట్ అవర్లు దాటదు, 100 పరిమితికి చాలా లోపలే.

సెల్లు బుసకొట్టినా, తీపి వాసన వచ్చినా, ఉబ్బినా టార్చి విప్పబోకండి. ప్లగ్గు స్విచ్చి ఆపి, పట్టకారుతో బయట మట్టి నేల మీద పడేసి దూరం జరగండి, ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. మంట పక్కలకు పాకుతుంటే నీళ్లు ఎక్కువగా పోయొచ్చు. లిథియం నీళ్లు తగిలితే పేలుతుందనే భయం ఈ సెల్లులకు వర్తించదు, నీళ్లు చల్లబరచడానికే.

చచ్చిన సెల్లులను చెత్తబండిలో వేస్తే అవి కుప్పలో నలిగి అక్కడ అంటుకుంటాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదీ దిగుమతిదార్లదీ. కొన్న అంగట్లో అడగండి, లేకుంటే ఈ-వేస్టు (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేదాకా రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు అంటించి, మూత వదులుగా ఉన్న డబ్బాలో అడుగున ఇసుక పోసి ఉంచండి. నికెల్ సెల్లులకు విడి డబ్బా.